కలెక్టరేట్ నస్పూర్‌లో, షాపింగ్ మంచిర్యాలలో: చైన్ స్టోర్లు ఎక్కడ తెరవాలో ఎలా నిర్ణయిస్తారు?

కలెక్టరేట్‌లో పని పడితే మంచిర్యాల వాళ్లు నస్పూర్‌కు రావాలి. నెల సరుకులు, పండగ బట్టలు, పిల్లల చెప్పులు ఒకేసారి నాలుగు చోట్ల ధర పోల్చి కొనాలంటే మాత్రం నస్పూర్, శ్రీరాంపూర్ వాళ్లు మంచిర్యాలకు పోవాలి. అక్కడ నచ్చకపోతే కరీంనగర్. అదీ కాదంటే హైదరాబాద్.

2016 అక్టోబర్ 11న ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. 2018లో నస్పూర్ మున్సిపాలిటీ అయింది. 2023 జూన్ 9న ఇక్కడ కొత్త కలెక్టరేట్ ప్రారంభమైంది. 2025లో నస్పూర్‌ను కలుపుకొని మంచిర్యాల కార్పొరేషన్‌గా మారింది. ప్రభుత్వ పటంలో ఊరు తొమ్మిదేళ్లలో ఇన్ని మెట్లు ఎక్కింది. పెద్ద పెద్ద రిటైల్ కంపెనీల పటం మాత్రం అంత వేగంగా మారదు. ఎందుకు?

'అక్కడ కొనేవాళ్లు లేరు కాబట్టి' అనేది సులువుగా దొరికే జవాబు. సింగరేణి జీతాలు, లాభాల వాటా, కొత్త కలెక్టరేట్ ఉన్న చోట ఆ జవాబు సరిపోదు. అసలు లెక్క ఏమిటో, అందులో ప్రభుత్వం పాత్ర ఎంతో, మీరు చేయగలిగింది ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

షాపు తెరిచే ముందు కంపెనీ వేసే లెక్క ఏమిటి?

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఇవి ఏ కంపెనీ అంకెలూ కావు, లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి.

ఒక మధ్యస్థాయి సూపర్ మార్కెట్‌కు నెలకు అద్దె రూ. 2 లక్షలు. 20 మంది సిబ్బందికి తలా రూ. 15 వేల చొప్పున రూ. 3 లక్షలు. కరెంటు, రవాణా, పాడైపోయే సరుకు, సెక్యూరిటీ కలిపి ఇంకో రూ. 2.5 లక్షలు. మొత్తం రూ. 7.5 లక్షలు. అమ్మిన ప్రతి రూపాయి మీద షాపుకు 15 పైసలు మిగులుతాయనుకుంటే, ఖర్చులు రాబట్టడానికే నెలకు రూ. 50 లక్షల అమ్మకాలు కావాలి. ఒక్కో కుటుంబం అక్కడ నెలకు రూ. 2 వేల సరుకు కొంటుందనుకుంటే 2,500 కుటుంబాలు రావాలి. ఒక్కసారి వచ్చి చూసి పోతే సరిపోదు, ప్రతి నెలా రావాలి.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. గోదాం దూరం కావడంతో రవాణాకు నెలకు ఇంకో రూ. లక్ష పెరిగిందనుకోండి. మొత్తం ఖర్చు రూ. 8.5 లక్షలు. అంటే దాదాపు రూ. 57 లక్షల అమ్మకాలు, 2,800కు పైగా కుటుంబాలు కావాలి. ఊళ్లో జనం పెరగలేదు, ఆదాయం తగ్గలేదు. దూరం ఒక్కటే మూడు వందలకు పైగా కుటుంబాల బరువును మోపింది.

జనం ఎంతమంది ఉన్నారన్నది ఈ లెక్కలో ఒక భాగమే. గోదాం ఎంత దూరం, లారీ నిండుగా వస్తుందా, స్థలం కాగితాలు సరిగా ఉన్నాయా, డబ్బు నెలనెలా వస్తుందా, సీజన్‌లోనే వస్తుందా అన్నవి మిగతా భాగాలు. నస్పూర్ విషయంలో ఈ మిగతా భాగాల్లోనే చిక్కు ఉంది.

ఒకేచోట గుంపుగా ఎందుకు తెరుస్తారు?

హైదరాబాద్‌లో ఒకే కంపెనీ మందుల షాపులు రెండు కిలోమీటర్ల లోపలే మూడు కనిపిస్తాయి. ఇటు జిల్లాల్లో కొన్ని మండలాల్లో ఒక్కటీ కనిపించదు. దీన్ని రిటైల్ వాళ్లు క్లస్టర్ పద్ధతి అంటారు. మన మాటల్లో చెప్పాలంటే గుంపు పద్ధతి. ముందు ఒక గోదాం పెట్టడం, దాని చుట్టూ లారీ ఒక్క రోజులో తిరిగి రాగలిగినంత దూరంలో షాపులు నింపడం, అది నిండాకే పక్క ప్రాంతానికి జరగడం.

డీమార్ట్ షాపులు నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ 2002లో ముంబై పవాయిలో మొదటి షాపు తెరిచింది. 2025 మార్చి చివరికి దాని షాపులు 415. రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. స్థలాలను ఎక్కువగా సొంతంగా కొనడం, గుంపులుగా తెరవడం దాని పద్ధతి. 2006లో హైదరాబాద్‌లో మొదలైన మెడ్‌ప్లస్ కూడా ఇదే గుంపు పద్ధతితోనే రాష్ట్రాలకు విస్తరించింది.

ఈ పద్ధతిలో మొదట గోదాం ఎక్కడ పడిందన్నదే సగం నిర్ణయం. తెలంగాణలో గోదాములు ఎక్కువగా హైదరాబాద్ చుట్టూ ఉన్నాయి. మంచిర్యాల అక్కడికి సుమారు 240 కిలోమీటర్లు. మధ్యలో కరీంనగర్ ఉంది కాబట్టి ముందు అక్కడ ఆగుతారు. అక్కడి నుంచి ఇంకో 80 కిలోమీటర్లు రావాలంటే 'ఒక్క షాపు కోసం లారీ పంపాలా?' అన్న ప్రశ్న వస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణలు కూడా ఉన్నాయి. అమెరికాలో వాల్‌మార్ట్ 1962లో మొదలైంది పెద్ద నగరంలో కాదు, ఆర్కాన్సా రాష్ట్రంలోని రోజర్స్ అనే చిన్న పట్టణంలో. మిగతావాళ్లు వదిలేసిన ఊళ్ల మధ్యే గోదాములు పెట్టుకుంటూ పెరిగింది. అదే దేశంలో డాలర్ జనరల్ షాపుల్లో సుమారు 80 శాతం 20 వేల జనాభా లోపు ఊళ్లలోనే ఉన్నాయి. మన దేశంలో వీ-మార్ట్ లాంటి బట్టల కంపెనీలు చిన్న పట్టణాలనే నమ్ముకుని ఎదిగాయి. అంటే చిన్న ఊరు నష్టమన్నది ప్రకృతి నియమం కాదు. గోదాం ఎక్కడ పెట్టుకున్నారన్న దాన్ని బట్టి లెక్క తిరగబడుతుంది.

మన దగ్గర కొనే శక్తి తక్కువా?

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో ఒక మనిషి నెల ఖర్చు సగటున రూ. 8,978. గ్రామాల్లో రూ. 5,435. పట్టణంలో నలుగురున్న కుటుంబం నెలకు దాదాపు రూ. 36 వేలు ఖర్చు పెడితే, గ్రామంలో అంతే కుటుంబం సుమారు రూ. 22 వేలు పెడుతుంది. కంపెనీలు ముందు పట్టణాలకే ఎందుకు పోతాయో ఇక్కడే తెలుస్తుంది.

జన సాంద్రత చూస్తే తేడా ఇంకా పెద్దది. 2011 జనగణన లెక్కలతో చూస్తే హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా ఉన్నారు. మంచిర్యాల జిల్లాలో జనాభా 8.07 లక్షలు, చదరపు కిలోమీటరుకు సుమారు 200 మంది. పక్కనే ఉన్న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 5.15 లక్షల జనాభా, సాంద్రత వంద పైచిలుకు. హైదరాబాద్‌లో ఒక షాపు చుట్టూ నడిచి వచ్చేంత దూరంలో దొరికే జనం ఆసిఫాబాద్‌లో ఒక మండలం మొత్తం తిరిగినా దొరకడం కష్టం.

అయితే జిల్లా సగటు నస్పూర్‌ను సరిగ్గా చూపించదు. ఇది బొగ్గు గనుల ఊరు. సింగరేణి కార్మికుడికి నెల జీతం ఖాయం. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ వస్తాయి. 2024లో కార్మికులకు పంచిన లాభాల వాటా మొత్తం రూ. 796 కోట్లు, ఒక్కొక్కరికి సగటున రూ. 1.90 లక్షలు. ఆ వారం బంగారం షాపుల్లో, బైకుల షోరూముల్లో రద్దీ ఎలా ఉంటుందో కోల్‌బెల్ట్‌లో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు.

అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులకు అందింది తలా రూ. 5 వేలు. ఒకే గని, ఒకే కాలనీ రోడ్డు, చేతికొచ్చే డబ్బులో ఇంత తేడా. సంస్థలో 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలకు తగ్గారు. ఆ స్థానంలో వచ్చిన పనిలో పెద్ద భాగం కాంట్రాక్టు పనే. కాబట్టి బయటి నుంచి చూసే కంపెనీకి రెండు సందేహాలు ఉంటాయి. డబ్బు ఏడాది పొడవునా ఉంటుందా, దసరా-దీపావళికే ఉంటుందా? పదిహేనేళ్ల తర్వాత కూడా గనులు ఇలాగే నడుస్తాయా?

రెండో సందేహానికి జవాబు కోసం వాళ్లు దూరం పోనక్కర్లేదు. బెల్లంపల్లిని చూస్తే చాలు. ఒకప్పుడు బొగ్గు గనులకు గుండెకాయలాంటి ఊరు. గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాక క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, జీతం రోజు కళకళలాడే బజారు చిన్నబోయింది. పదిహేనేళ్లకు లీజు రాసుకునే కంపెనీ ఇలాంటి ఊరిని చూసి వెనకాడటంలో వింత లేదు.

జనాభా లెక్కలు పాతబడితే ఏమవుతుంది?

కంపెనీలు ఊళ్ల జాబితా తయారు చేసుకునేటప్పుడు మొదట చూసేది జనగణన. మన దగ్గర ఉన్న చివరి జనగణన 2011ది. అప్పటికి మంచిర్యాల జిల్లా లేదు. నస్పూర్ గ్రామ పంచాయతీ. మంచిర్యాల, నస్పూర్, తీగల్‌పహాడ్, సింగాపూర్ కలిసిపోయిన ఒకే పట్టణంలా కనిపిస్తున్నా, కాగితం మీద వేర్వేరు ఊళ్లు. లక్ష దాటిన పట్టణాలను మాత్రమే చూస్తామని గీత గీసుకున్న కంపెనీ జాబితాలో ఇలాంటి ముక్కలైన ఊళ్లు రాలిపోతాయి.

ఈ తేడాను సరిచేసే అవకాశం ఇప్పుడు వచ్చింది. కార్పొరేషన్ కావడంతో ఈ ప్రాంతమంతా ఒకే పేరు కింద లెక్కలోకి వస్తుంది. 2027 జనగణనకు కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ అంకెలు బయటికి వచ్చాక ఈ ప్రాంతం కంపెనీల కంట్లో వేరేగా పడుతుంది. జనగణన సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు 'మాకేంటి లాభం' అనుకోకండి. మీ వీధికి ఏ షాపు, ఏ బ్యాంకు, ఏ ఏటీఎం వస్తుందో ఆ కాగితమే కొంతవరకు నిర్ణయిస్తుంది.

భూమి కాగితాలకు, సూపర్ మార్కెట్‌కు సంబంధం ఏమిటి?

చాలా ఉంది. ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయించాలని చట్టం చెబుతోంది. పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి లీజు రాసుకుంటాయి కాబట్టి స్థలం ఎవరి పేరు మీద ఉంది, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా, ఈసీ క్లియర్‌గా ఉందా, భవనానికి అనుమతి ఉందా అని వకీళ్లతో చూపిస్తాయి. ఒక్క కాగితం తేడా ఉన్నా పక్క ఊరికి పోతాయి.

బొగ్గు పట్టణాల్లో చాలా ఇళ్లు, షాపులు సింగరేణి భూముల్లో ఏళ్లుగా ఉన్నవే. కట్టుకున్నది మనమే, పన్ను కట్టేది మనమే, పట్టా మాత్రం ఉండదు. వీటిని క్రమబద్ధీకరించడానికి ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. పట్టా రావడమంటే ఇల్లు అమ్ముకునే హక్కు, బ్యాంకు రుణం మాత్రమే కాదు. మెయిన్ రోడ్డు మీద ఉన్న స్థలాన్ని రిజిస్టర్డ్ లీజుకు ఇవ్వగలగడం కూడా. ఆ కాగితం లేని చోట అద్దెకు వచ్చేది నోటి మాట మీద నడిచే చిన్న షాపులే.

ఏజెన్సీ ప్రాంతాల సంగతి వేరు. అక్కడ 1/70గా పిలిచే భూ బదలాయింపు నిబంధన అమల్లో ఉంది. 1959 నిబంధనను 1970లో సవరించినప్పటి నుంచి గిరిజనేతరుల పేరిట భూమి బదలాయింపు చెల్లదు. అమ్మకమే కాదు, లీజు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. మంచిర్యాల పక్కనే ఉన్న మందమర్రి షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉండటం వల్లనే అక్కడ చాలా ఏళ్లుగా మున్సిపల్ ఎన్నికలు జరగలేదు.

ఈ చట్టం షాపులను ఆపడానికి పుట్టింది కాదు, ఆదివాసీల భూమిని కాపాడటానికి పుట్టింది. కుమురం భీం పోరాడిన నేల మీద ఆ రక్షణ ఎందుకు అవసరమైందో వేరే చెప్పక్కర్లేదు. 'చట్టం ఎత్తేస్తే షాపులు వస్తాయి' అనే వాదన అందుకే ప్రమాదకరం. షాపు వస్తుందేమో కానీ భూమి పోతుంది. అలాంటి చోట సరుకులు అందించడానికి వేరే దారి ఉండాలి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి నడుపుతున్న డీఆర్ డిపోల ఉద్దేశం అదే. అటవీ ఉత్పత్తి కొనడం, నిత్యావసరాలు అమ్మడం రెండూ ఒకేచోట.

ప్రభుత్వం కంపెనీలకు 'ఇక్కడ తెరవండి' అని చెప్పలేదా?

మందులు, సరుకులు అమ్మే ప్రైవేటు షాపుకు ఫలానా ఊళ్లో తెరవాలన్న నిబంధన ఏదీ లేదు. కానీ వేరే సేవల విషయంలో ప్రభుత్వం అలా చెప్పింది, ఇప్పటికీ చెబుతోంది.

బ్యాంకులనే తీసుకోండి. 1977 నుంచి 1990 దాకా, బ్యాంకు ఉన్న ఊళ్లో ఒక శాఖ తెరవాలంటే బ్యాంకు లేని నాలుగు ఊళ్లలో తెరవాలని రిజర్వ్ బ్యాంక్ షరతు పెట్టింది. ఇప్పుడు కూడా ఏడాదిలో తెరిచే కొత్త కేంద్రాల్లో కనీసం 25 శాతం బ్యాంకు సేవలు లేని గ్రామీణ ప్రాంతాల్లో ఉండాలి.

రేషన్ దుకాణాలదీ ఇదే సూత్రం. రాష్ట్రంలో 17 వేలకు పైగా ఉన్న ఈ దుకాణాలు లాభం చూసి వెలిసినవి కావు, కార్డులు ఎక్కడున్నాయో చూసి పెట్టినవి. ఆసిఫాబాద్ అడవి అంచు ఊరికైనా, హైదరాబాద్ బస్తీకైనా ఒకే బియ్యం, ఒకే తూకం.

విచిత్రం ఏమిటంటే, రిటైల్ విషయంలో ప్రభుత్వం ఒకసారి దీనికి సరిగ్గా ఎదురు షరతు పెట్టింది. 2012 సెప్టెంబర్‌లో మల్టీ బ్రాండ్ రిటైల్‌లోకి 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు, 10 లక్షల జనాభా దాటిన నగరాల్లోనే షాపులు తెరవాలంది. చిన్న ఊళ్ల కిరాణం వ్యాపారులను కాపాడటం దాని ఉద్దేశం. ఒప్పుకున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ లెక్కన ఇప్పటి తెలంగాణలో అర్హత ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. 2013 ఆగస్టులో ఈ షరతును సడలించి, ఏ నగరాలన్నది రాష్ట్రాలకే వదిలేశారు. అయినా ఆ దారిలో వచ్చింది బ్రిటన్‌కు చెందిన టెస్కో ఒక్కటే. అదీ టాటాల ట్రెంట్‌తో కలిసి.

బయటి దేశాల్లో వేరే పద్ధతులు ఉన్నాయి. నార్వేలో మారుమూల ఊళ్లలో ఉన్న ఒకే ఒక్క కిరాణా షాపు మూతపడకుండా ప్రభుత్వం మెర్కుర్ అనే పథకం కింద సాయం చేస్తుంది. అక్కడ షాపును కూడా బడి, ఆసుపత్రి లాంటి అవసరంగానే చూస్తారు. బ్రిటన్‌లో 1990ల నుంచి మంచి ఆహారం దొరకని పేద బస్తీలను 'ఫుడ్ డెజర్ట్' అని పిలుస్తూ ప్రభుత్వ చర్చలోకి తెచ్చారు. తిండికి ఎడారి అన్నమాట.

మన దగ్గర అలాంటి ప్రయత్నాలు లేవా?

ఉన్నాయి, పాతవి. 1966లో రూపాయి విలువ తగ్గించినప్పుడు ధరలు పెరగకుండా ఢిల్లీలో సూపర్ బజార్ తెరిచారు. సహకార దుకాణాల ఆలోచన ఊరూరా పాకింది. సింగరేణి కార్మికుల కోసం కాలనీల్లో నడిచిన సూపర్ బజార్లు ఆ కుటుంబానికి చెందినవే. చైన్ స్టోర్ అనే మాట ఈ ప్రాంతానికి రాకముందే ఒకే ధరకు, ఒకే తూకంతో సరుకు అమ్మే దుకాణాల వరుస ఇక్కడ ఉండేది. 1999లో మొదలైన రైతు బజార్లదీ ఇదే దారి.

మందుల విషయంలో ప్రభుత్వం నేరుగా షాపు పెట్టకుండా ప్రోత్సాహకం ఇస్తోంది. జన ఔషధి కేంద్రం పెట్టే మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, ఆకాంక్షిత జిల్లాల వారికి సాధారణ ప్రోత్సాహకానికి తోడు ఫర్నిచర్, కంప్యూటర్ల కోసం ఒకేసారి రూ. 2 లక్షలు అందుతాయి. తెలంగాణలో ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం ఆకాంక్షిత జిల్లాలు. మంచిర్యాల ఆ జాబితాలో లేదు. ప్రైవేటు కంపెనీ రాని చోటికి డబ్బు చూపించి షాపును రప్పించే ప్రయత్నం ఇది.

చైన్ స్టోర్ వస్తే అంతా లాభమేనా?

కాదు. లాభం, నష్టం రెండూ ఉన్నాయి.

లాభం: ధర ఎమ్మార్పీ కంటే తగ్గుతుంది, బిల్లు వస్తుంది, సరుకు రకాలు పెరుగుతాయి, పదో పన్నెండో చదివిన పిల్లలకు ఊళ్లోనే నెల జీతం పని దొరుకుతుంది. నెలకు రూ. 8 వేల సరుకు కొనే కుటుంబానికి 5 శాతం తగ్గినా ఏడాదికి రూ. 4,800 మిగులుతుంది. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

నష్టం: కిరాణం సేటు ఉద్దెర ఇస్తాడు, చైన్ స్టోర్ ఇవ్వదు. సమ్మె వచ్చినా, జీతం ఆలస్యమైనా ఖాతా పుస్తకంలో రాసుకుని బియ్యం ఇచ్చేది వీధి చివరి దుకాణమే. ఆ దుకాణం మూతపడితే పోయేది ఒక వ్యాపారం మాత్రమే కాదు, కష్టకాలంలో వడ్డీ లేని అప్పు కూడా.

ఇంకో సంగతి. వచ్చిన చైన్ స్టోర్ ఉంటుందన్న హామీ లేదు. 1986లో హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొని 'మోర్'గా మార్చింది. హెరిటేజ్ తన 124 షాపులను 2016లో ఫ్యూచర్ గ్రూపుకు ఇచ్చేసింది. ఆ ఫ్యూచర్ రిటైలే 2022లో దివాలా ప్రక్రియలోకి పోయింది. ముంబైలో జరిగే బోర్డు సమావేశంలో ఒక నిర్ణయం జరిగితే ఇక్కడ షట్టర్ పడుతుంది. అప్పటికి పక్కనున్న నాలుగు కిరాణాలు మూతపడి ఉంటే ఊరికి రెండూ ఉండవు.

ఆన్‌లైన్ వచ్చాక ఈ తేడా తగ్గలేదా?

కొంత తగ్గింది. ఫోను, బట్టలు, పుస్తకాలు నస్పూర్ గడప దాకా వస్తున్నాయి. కానీ ఆన్‌లైన్ కూడా గోదాం లెక్కే. పది నిమిషాల్లో సరుకు తెచ్చే కంపెనీలు రెండు మూడు కిలోమీటర్ల చుట్టూ ఉన్న జనాన్ని నమ్ముకుని డార్క్ స్టోర్లు పెడతాయి. సాంద్రత లేని చోట అవి పనిచేయవు. 'మీ పిన్‌కోడ్‌కు డెలివరీ లేదు' అన్న మాట పాత తేడాకు కొత్త రూపం.

ఇంకో మార్పు 2023 డిసెంబర్ 9న వచ్చింది. ఆ రోజు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. నస్పూర్ నుంచి మంచిర్యాలకు సరుకులకు పోయి వచ్చే ఖర్చు మిగిలింది. ఇంటి బడ్జెట్‌కు ఇది మేలు. అదే సమయంలో, చిన్న ఊళ్ల వ్యాపారం పెద్ద ఊరికి జరగడం కూడా తేలికైంది. జనమే వస్తుంటే అక్కడికి పోయి షాపు పెట్టడమెందుకని కంపెనీ అనుకోవచ్చు.

మరి మీరు చేయగలిగేది ఏమిటి?

- ఎక్కువ ధర తీసుకుంటే: పోటీ లేని చోట ప్యాకెట్ మీద ఉన్న ధర కంటే రెండు రూపాయలు ఎక్కువ అడగడం మామూలే. అది నేరం. ప్యాక్ చేసిన సరుకును ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్మకూడదు. బిల్లు లేదా ఫొటో ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయండి.

- కంపెనీ ఆఫీసు దూరంలో ఉందని వదిలేయకండి: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు దాఖలు చేయవచ్చు.

- రేషన్ ఎక్కడైనా తీసుకోవచ్చు: మీ దుకాణంలో సరుకు సరిగా అందకపోతే పోర్టబిలిటీ కింద వేరే రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి తీసుకోండి.

- ఫార్మసీ చదివినవాళ్లు ఇంట్లో ఉంటే: 120 చదరపు అడుగుల స్థలం, ఫార్మసిస్టు ఉంటే జన ఔషధి కేంద్రానికి దరఖాస్తు చేయవచ్చు. కంపెనీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

- రోడ్డు పక్కన స్థలం ఉంటే: జీవో 76 కిందికి వచ్చే స్థలమైతే ముందు పట్టా సంగతి తేల్చుకోండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, భవన అనుమతి సిద్ధంగా ఉంచుకోండి. అవి ఉన్న స్థలానికి, లేని స్థలానికి అద్దెలోనే తేడా తెలుస్తుంది.

- కార్పొరేషన్‌ను అడగాల్సింది: 'మాకు ఫలానా కంపెనీ షాపు తెప్పించండి' అని అడిగితే ఎవరి చేతిలోనూ లేని పని అడిగినట్టు. మార్కెట్ యార్డు, కూరగాయల బజారు, పార్కింగ్, వీధి దీపాలు, లారీ తిరగగలిగే రోడ్డు అడగండి. వారం వారం జరిగే అంగడికి కప్పు, నీళ్లు, మరుగుదొడ్డి అడగండి. అవి కార్పొరేషన్ బాధ్యత. అవి ఉంటే చిన్న వ్యాపారీ బతుకుతాడు, పెద్ద కంపెనీ కూడా కన్నేస్తుంది.

చివరిగా, నస్పూర్ లెక్క ఎటు మారొచ్చు?

ఒక్క నస్పూర్‌ను చూసి లారీ రాదు. కానీ గోదావరికి ఇటు మంచిర్యాల, నస్పూర్, శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్, మందమర్రి, బెల్లంపల్లి, అటు గోదావరిఖని, ఎన్టీపీసీ ఉన్నాయి. ఎక్కువ చోట్ల ఒకే కంపెనీ జీతం, ఒకే పండగ బోనస్, ఒకే రోడ్డు, ఒకే రైలు మార్గం. వీటిని విడివిడిగా చూస్తే చిన్న పట్టణాలు. కలిపి చూస్తే ఒక లారీ నిండే మార్కెట్. గోదాం హైదరాబాద్‌లో కాకుండా ఇక్కడే ఎక్కడైనా పడితే, ఈ వ్యాసం మొదట్లో వేసిన లెక్కలో రవాణా అంకె తగ్గుతుంది, కావలసిన కుటుంబాల సంఖ్య తగ్గుతుంది.

షాపు ఎక్కడ తెరవాలన్నది కంపెనీ ఇష్టం. కానీ ఆ ఇష్టం వెనక ఉన్న జనాభా లెక్క, భూమి పట్టా, రోడ్డు, మార్కెట్ స్థలం నాలుగూ ప్రభుత్వం చేతిలో ఉన్నవే. అడగాల్సింది వాటి గురించి. రావలసిన షాపు వచ్చినా రాకపోయినా, అవి మాత్రం ఊరికి మిగులుతాయి.